ఎడారి చెప్పిన నీళ్ల లెక్క

(రియాద్‌లో జరిగిన మన వేదిక సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయిన మిత్రుల కోసం ఇక్కడ ఇస్తున్నాం.)



వారానికి ఒక్కటే దొరికే సెలవు రోజు. వంటలు, బట్టలు, ఇంటికి ఫోన్లు అన్నీ పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు. దమ్మామ్ నుంచి నాలుగు గంటలు బండి నడుపుకుంటూ వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ముందుగా మీకు కృతజ్ఞతలు.

నాకు ఇచ్చిన అంశం "పర్యావరణం, దాని ప్రాథమిక సూత్రాలు". నేను పర్యావరణ శాస్త్రవేత్తను కాను. కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చేసి, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. చదివినవి కొన్ని, చూసినవి కొన్ని, చేసిన తప్పు ఒకటి మీ ముందు పెడతాను.

మన సమావేశాల్లో మాట్లాడుకునే విషయాలు మీకు తెలుసు. రాని జీతాలు, ఏజెంట్ల మోసాలు, ఎగ్జిట్ దొరకని కేసులు, ఇంటికి పంపాల్సిన మృతదేహాలు. వీటి మధ్య పర్యావరణం అనగానే మొన్న ఒక అన్న నవ్వాడు. "అది కడుపు నిండినోళ్ల ముచ్చట తమ్మీ" అన్నాడు. ఆ అన్న ఇక్కడే కూర్చున్నాడు, కోపం లేదు. కానీ నేను ఒప్పుకోను.

ఈ దేశంలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. అది ఏసీ గదిలో కూర్చునే నాలాంటివాడి కోసం పెట్టింది కాదు. సెంట్రింగ్ కొట్టే అన్న కోసం, రోడ్డు వేసే తమ్ముడి కోసం పెట్టింది. ఎండ ఒక డిగ్రీ పెరిగితే ముందు తగిలేది వాళ్లకే. ఇంకో మాట. మనలో ఎంతమంది బోరు ఎండి, అప్పు పెరిగి, ఆ అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసి వీసా కొన్నవాళ్లం? చేతులు ఎత్తమని అడగను. అడిగితే సగం చేతులు లేస్తాయని నాకు తెలుసు. కాబట్టి ఇది కడుపు నిండినవాళ్ల ముచ్చట కాదు, మనం ఇక్కడెందుకున్నాం అనే ముచ్చట.

ఒక బోరు కథ

2014లో నాకు రియాద్‌లో ఉద్యోగం వచ్చింది. మూడో నెల జీతం పడ్డాక మా నాయన ఫోన్ చేసి, బోరు వేద్దాం బిడ్డా అన్నాడు. మాది కరీంనగర్ వైపు మెట్ట ఊరు. అప్పటికే నాయన నాలుగు బోర్లు వేశాడు. మూడు ఫెయిలయ్యాయి, ఒకటి సన్నగా పోస్తోంది. నేను లక్ష రూపాయలు పంపాను. ఐదో బోరు 420 అడుగులు దింపారు. రెండించుల నీళ్లు పడ్డాయి. నాయన ఫోను బోరు దగ్గర పెట్టి నీళ్ల చప్పుడు వినిపించాడు. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు.

మా చెలక పక్కనే మా చిన్నాయన చెలక. ఆయనకు తాత కాలం నాటి బాయి ఒకటి, 150 అడుగుల బోరు ఒకటి. మా బోరు పడ్డ ఏడాదికి ఆయన బోరు గాలి పోసింది. 2015 కరువు సంవత్సరం, వానలు లేక ఎండింది అన్నారు. వానలు లేవన్నది నిజమే. కానీ గెట్టుకు ఇవతల మా బోరు పోస్తూనే ఉంది కదా! చిన్నాయన మా నాయనను ఒక్క మాట అనలేదు. అప్పు తెచ్చి ఇంకో రెండు బోర్లు వేశాడు. రెండింటిలోనూ దుమ్మే లేచింది. 2016లో ఆయన కొడుకు, అంటే మా తమ్ముడు, ఏజెంటుకు డబ్బు కట్టి మజ్రా పని మీద ఈ దేశానికే వచ్చాడు. అదే ఎండాకాలం మా బోరు కూడా ఎండిపోయింది.

నేను పంపిన లక్ష రూపాయలు రెండేళ్లు నీళ్లిచ్చాయి, ఒక తమ్ముణ్ణి దేశం దాటించాయి.

ఆ తమ్ముణ్ణి చూద్దామని ఒక శుక్రవారం అల్ ఖర్జ్ వైపు వెళ్లాను. విమానం కిటికీలోంచి చూస్తే ఎడారిలో పచ్చటి గుండ్రటి బిళ్లలు కనిపిస్తాయి కదా, అలాంటి చోట పని. చక్రాల మీద తిరిగే పొడుగాటి పైపు, దాని నుంచి వానలా పడే నీళ్లు, కింద మోకాలెత్తు బర్సీం గడ్డి. ఆవులకు మేత. తమ్ముడు నన్ను ఆ నీళ్ల దగ్గరికి తీసుకుపోయి నిలబెట్టి అడిగాడు:

"అన్నా, మనూర్ల వాన పడ్తది, నీళ్లు లెవ్వు. ఈడ వానే లేదు, నీళ్లు గిట్ల పార్తున్నయి. ఇదేం లెక్కనే?"

మాస్టర్స్ చదివిన నా దగ్గర ఆ రోజు జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కుంటూ చదివిందే ఈ రోజు మీకు చెబుతున్నాను. దాన్ని మూడు సూత్రాలుగా విడదీశాను.

మొదటి సూత్రం: మిత్తి మీద బతకాలి, అసలు ముట్టొద్దు

ప్రకృతిలో ప్రతిదానికీ రెండు ఖాతాలుంటాయి. ఒకటి ఏటా వచ్చే రాబడి. వాన, ఎండ, కొత్తగా మొలిచే గడ్డి, చేపల ఈత ఇవన్నీ రాబడి. రెండోది వందల, వేల ఏళ్లుగా పోగైన నిల్వ. అడవి, నేల మీది సారవంతమైన మట్టి, లోతున ఉన్న నీరు ఇవి నిల్వ. రాబడిని వాడుకుంటే ఎన్ని తరాలైనా బతకొచ్చు. నిల్వను తినడం మొదలుపెడితే కొన్నాళ్లు దర్జాగా ఉంటుంది. అసలు కరిగిపోతున్న సంగతి బయటికి తెలియదు, తెలిసే రోజుకు ఏమీ మిగలదు.

సౌదీ అరేబియాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటి కూడా లేదు. దేశం మొత్తం మీద సగటు వాన ఏడాదికి 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. మరి ఆ పైపులో నీళ్లెక్కడివి? ఇసుక కింద, సాక్, వజీద్ అని పిలిచే ఇసుకరాతి పొరల్లో ఉన్న పాత నీళ్లు. ఈ నేల పచ్చగా ఉన్న కాలంలో, వేల ఏళ్ల కింద, కొన్నిచోట్ల పదివేల ఏళ్లకూ వెనక, కురిసిన వాన నీళ్లు. అవి పెట్రోలు లాంటివి. తోడితే వస్తాయి, మళ్లీ నిండవు.

1970ల చివర నుంచి ఈ దేశం ఆ నీళ్లతో గోధుమలు పండించడం మొదలుపెట్టింది. తిండికి ఎవరి మీదా ఆధారపడకూడదన్న ఉద్దేశం తప్పని ఎవరంటారు? అంతర్జాతీయ మార్కెట్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ధర ఇచ్చి ప్రభుత్వమే కొన్నది. 1984 నాటికి దేశానికి సరిపడా గోధుమలు పండాయి. 1990ల మొదట్లో ఏడాదికి 40 లక్షల టన్నులు దాటాయి. ఎడారి దేశం ప్రపంచంలో పెద్ద గోధుమ ఎగుమతిదారుల్లో ఒకటైంది! గోధుమల బస్తాల్లో వేల ఏళ్ల కిందటి నీళ్లను నింపి ఓడలెక్కించినట్టే కదా.

తరువాత లెక్క బయటపడింది. 2008లో ప్రభుత్వం స్థానిక గోధుమల కొనుగోలును ఏటా కొంత తగ్గిస్తూ 2016 నాటికి ఆపేస్తామని ప్రకటించింది, ఆపేసింది కూడా. ఆ తర్వాత చిన్న రైతులకు మాత్రం పరిమితంగా అనుమతించింది. గోధుమ పోయిన చోట పచ్చగడ్డి వచ్చింది. అది గోధుమ కంటే ఎక్కువ నీళ్లు తాగుతుంది. దాంతో పెద్ద మజ్రాల్లో పచ్చగడ్డి సాగును కూడా ఆపించారు. ఇక్కడి అతిపెద్ద పాల కంపెనీ అల్ మరాయ్ మేత కోసం 2014లో అమెరికాలోని అరిజోనాలో దాదాపు పదివేల ఎకరాలు కొన్నది. అరిజోనా కూడా ఎడారే. అక్కడి పల్లెల వాళ్లు మా బావులు ఎండిపోతున్నాయని గొడవ చేశారు. 2023లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఆ కంపెనీకి చెందిన సంస్థకు ఇచ్చిన సర్కారు భూముల లీజులను రద్దు చేయడం మొదలుపెట్టింది. ఒక ఎడారి ఆకలి ఇంకో ఎడారి దాహమైంది.

మా తమ్ముడు పని చేసిన అల్ ఖర్జ్‌లోనే ఒకప్పుడు పెద్ద పెద్ద సహజమైన ఊటగుండాలు ఉండేవి. రాజు అబ్దుల్ అజీజ్ కాలంలో, 1940ల నాటికే, పంపులు పెట్టి వాటితో సేద్యం చేశారు. ఇప్పుడు వెళ్లి చూడండి, లోతైన ఖాళీ గోతులు కనిపిస్తాయి. తూర్పున అల్ అహ్సా ఉంది. 25 లక్షల ఖర్జూర చెట్ల ఒయాసిస్, 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడి ఊటలు ఒకప్పుడు వాటంతట అవే ఉబికి కాల్వల్లో పారేవి. ఇప్పుడు పంపులతో తోడాలి. శుద్ధి చేసిన మురుగు నీటిని కూడా తోటలకు మళ్లిస్తున్నారు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. తెలంగాణలో సగటు వాన ఏడాదికి 900 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఇక్కడికంటే తొమ్మిది రెట్లు. మనం పేదవాళ్లమేమీ కాదు, లెక్క రానివాళ్లం. మన కింద ఇసుకరాయి కాదు, ఎక్కువచోట్ల నల్లరాయి, గ్రానైటు. నీళ్లు రాతి పగుళ్లలోనే ఉంటాయి. పడ్డ వానలో పదో వంతు లోపలికి ఇంకితే గొప్ప.

కాగితం మీద లెక్క వేద్దాం. 900 మిల్లీమీటర్లలో పదో వంతు 90 మిల్లీమీటర్లు. ఒక ఎకరం మీద అది సుమారు మూడున్నర లక్షల లీటర్లు. ఇది ఆ ఎకరం కింద ఏటా జమయ్యే మిత్తి. యాసంగిలో ఎకరం వరికి 1200 మిల్లీమీటర్ల నీళ్లు పెడతామనుకోండి, అది 48 లక్షల లీటర్లు. అంటే ఒక్క ఎకరం వరి పదమూడు ఎకరాల మిత్తి తింటుంది. పారిన దాంట్లో సగం మళ్లీ ఇంకిందనుకున్నా ఆరేడు ఎకరాల మిత్తి. అదే 500 మిల్లీమీటర్లతో పండే ఆరుతడి పంట వేస్తే 20 లక్షల లీటర్లు చాలు. నాకు మూడెకరాలుంటే మూడెకరాల మిత్తే నాది. మిగిలింది ఎవరిది? అదే రెండో సూత్రం.

దానికి ముందు ఒక్క మాట. సౌదీలో గోధుమకు ఎక్కువ ధర ఇచ్చి నీళ్లు తోడించారు. మన దగ్గర 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఇచ్చారు. నేను దానికి వ్యతిరేకిని కాను. చెరువులు, కాల్వలు ఉన్న జిల్లాలకు ఒక నీతి, మెట్ట జిల్లాలకు ఒక నీతి ఉండకూడదు కదా. కానీ కరెంటు ఉచితమైనంత మాత్రాన నీళ్లు ఉచితం కావు. బిల్లు రాకపోతే ఖర్చు లేదనుకోవడమే మనం చేసిన తప్పు. నల్లగొండ జిల్లా ముసంపల్లి గురించి 2004లో పాలగుమ్మి సాయినాథ్ హిందూ పత్రికలో రాశారు. దాదాపు రెండు వేల ఎకరాల సాగు ఉన్న ఆ ఊర్లో ఆరు వేలకు పైగా బోర్లున్నాయట. మనుషుల కంటే బోర్లే ఎక్కువ! ఆ బోర్ల కింద పోయిన డబ్బుతో ఎన్ని చెరువులు బాగుపడేవో ఆలోచించండి.

రెండో సూత్రం: భూమి కింద గెట్లు లేవు

పట్టా పాస్‌బుక్‌లో సర్వే నంబరు ఉంటుంది, హద్దులు ఉంటాయి. నీళ్లకు పాస్‌బుక్ లేదు. నేను 420 అడుగులు పోతే, 150 అడుగుల్లో ఉన్న చిన్నాయన నీళ్లు కిందికి దిగాయి. నేను దొంగతనం చేయలేదు, నా భూమిలో నేను బోరు వేసుకున్నాను. అయినా ఆయన నీళ్లు పోయాయి. ప్రకృతిలో ఒకదానికొకటి ముడిపడని వస్తువు లేదని పుస్తకాల్లో చదువుతాం. ఆ ముడి నాకు మా చిన్నాయన మౌనంలో అర్థమైంది. మా సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇంతే. పనికిరాదనుకుని ఒక ఫైలు తీసేస్తే ఎక్కడో మనకు తెలియని ప్రోగ్రాం ఆగిపోతుంది. కాకపోతే అక్కడ బ్యాకప్ ఉంటుంది.

దీనికి చట్టం లేదా అంటే ఉంది. 2002లో ఉమ్మడి రాష్ట్రంలో వాల్టా చట్టం తెచ్చారు. నీరు, భూమి, చెట్ల చట్టం. బోరు వేయాలంటే అనుమతి కావాలి, బోరుకు బోరుకు మధ్య దూరం ఉండాలి. మన ఊర్లలో బోరు బండి వచ్చినప్పుడు ఎవరైనా అనుమతి అడిగారా? కొబ్బరికాయతో పాయింటు చూసేవాణ్ణి అడిగాం, పంచాంగం అడిగాం, చట్టాన్ని అడగలేదు.

అయితే చట్టం చేయలేని పనిని రైతులే చేసిన చోటు కూడా ఉంది. 2003 నుంచి 2009 దాకా ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో, అందులో మన మహబూబ్‌నగర్, నల్లగొండ కూడా ఉన్నాయి, రైతుల చేతనే భూగర్భ జలాల నిర్వహణ అని ఒక ప్రాజెక్టు నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడింది. 600కు పైగా ఊర్లు. అందులో ఎవరూ రైతును బోరు వేయొద్దనలేదు, ఈ పంట వేయొద్దని ఆంక్ష పెట్టలేదు. రైతులే, ఆడవాళ్లు కూడా, వానను కొలిచారు. బోర్లలో నీటి మట్టం కొలిచి రాసుకున్నారు. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని ఈసారి కింద ఎన్ని నీళ్లున్నాయి, మనం వేద్దామనుకున్న పంటలకు ఎన్ని కావాలి అని లెక్క కట్టారు. లెక్క కళ్ల ముందు కనపడితే చాలాచోట్ల మనుషులు వాళ్లంతట వాళ్లే వరి తగ్గించుకున్నారు. బడి మెట్లెక్కనివాళ్లు కూడా హైడ్రాలజీ నేర్చుకున్నారు. నాకు ఈ కథ చాలా ఇష్టం. డాటా మీద బతికే ఉద్యోగం నాది. కానీ మా సొంత బోరు మట్టం నేను ఒక్కసారీ కొలవలేదు.

మూడో సూత్రం: పారేసింది ఎటూ పోదు, తవ్వింది ఊరికే రాదు

మనం రియాద్‌లో నల్లా తిప్పితే వచ్చే నీళ్లలో ఎక్కువ భాగం సముద్రపు నీళ్లు. జుబైల్ వైపు ఉప్పు తీసి, సుమారు 400 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎత్తుకు పంపు చేసి తెస్తున్నారు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సముద్రపు నీటిని మంచినీరుగా మార్చేది ఈ దేశమే. రాస్ అల్ ఖైర్ ప్లాంటు ఒక్కటే రోజుకు పది లక్షల ఘనపు మీటర్లకు పైగా ఇస్తుంది. డబ్బుంటే సముద్రాన్ని కూడా తాగొచ్చు కదా అనిపిస్తుంది.

మరి తీసిన ఉప్పు ఎటు పోతుంది? చిక్కటి ఉప్పునీరుగా మళ్లీ సముద్రంలోకే. 2019లో ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కగట్టారు. ఇలా ప్రపంచంలో వచ్చే ఉప్పునీటిలో సగానికి పైగా సౌదీ, ఎమిరేట్స్, కువైట్, ఖతర్ ఈ నాలుగు దేశాల నుంచే వస్తుంది. ఈ గల్ఫ్ లోతు తక్కువ, బయటి సముద్రంతో కలిసే దారి ఒక్క హోర్ముజ్ జలసంధే. అందుకే అందులో పడింది త్వరగా బయటపడదు. 1991 యుద్ధంలో కువైట్ నుంచి పారిన చమురు ఈ తీరాన్ని వందల కిలోమీటర్లు నల్లగా చేసింది. అప్పుడు జుబైల్ నీటి ప్లాంటులోకి చమురు రాకుండా సముద్రంలో అడ్డుకట్టలు వేసి కాపాడుకోవాల్సి వచ్చింది. ఒక నగరం దాహమంతా ఒక్క తీరం శుభ్రత మీద ఆధారపడి ఉందని ఆనాడు తేలింది.

మన దగ్గర పటాన్‌చెరును చూడండి. ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిశాయి. వాగు ఆగదు కదా, మంజీర వైపు పారింది. దారిలో ఉన్న ఊర్ల బావులు, పొలాలు, పశువులు ఆ ఖర్చు కట్టాయి.

నల్లగొండ ఫ్లోరైడ్ కథ మీకు తెలిసిందే. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఎముకలు వంగిన మనుషుల్ని చూశాం. రాతిలో ఫ్లోరైడ్ ఎప్పటినుంచో ఉంది. చెరువు నీళ్లు, పైపొర నీళ్లు పోయి, లోతు బోర్ల నీళ్లు తాగాల్సి రావడంతో అది ఇంకా ఎక్కువగా ఒంట్లోకి చేరింది. అసలు ముట్టుకుంటే ఏమవుతుందో ఇంతకంటే కఠినంగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

పెద్దలు ఏం చేశారు?

ఈ మూడు సూత్రాలు కొత్తవి కావు. సుమారు 1200 ఏళ్ల కింద బాగ్దాద్ ఖలీఫా హారూన్ అల్ రషీద్ భార్య జుబైదా మక్కా యాత్రికుల కోసం కొండల నీళ్లను కాల్వ కట్టించి తెచ్చింది. ఐన్ జుబైదా అంటారు. వాలును బట్టి దానంతట అది పారే కాల్వ. వందల ఏళ్లు యాత్రికుల దాహం తీర్చింది. అది మిత్తి మీద బతికిన కాల్వ, అందుకే అన్నాళ్లు నిలిచింది.

800 ఏళ్ల కింద మన కాకతీయులు రామప్ప, పాకాల, లక్నవరం కట్టారు. వాటితో పాటు ఊరూరా చెరువులు, కుంటలు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండే గొలుసుకట్టు. వాన నీళ్లు ఒక చుక్క కూడా తొందరపడి నదికి పోకుండా మెట్టు మెట్టుకూ ఆపి, నేలకు తాపి, మిగిలితేనే కిందికి పంపే ఏర్పాటు. చెరువు నిండితే ఊరి బాయిలన్నీ ఊరేవి. తూము ఎవరు ఎప్పుడు తీయాలో నీరటి చూసేవాడు. ఎండాకాలం పూడిక మట్టి బండ్లకెత్తి చేన్లకు తోలేవాళ్లు. నీళ్ల లెక్క, మట్టి లెక్క రెండూ సరిపోయేవి. బోరు రాగానే నీరటితో పనిలేదనుకున్నాం. ప్రతివాడూ తన చెలకలో సొంత చెరువు తవ్వుకున్నాననుకున్నాడు. చెరువు అనాథ అయింది.

2015 మార్చిలో సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు నేనిక్కడ యూట్యూబ్‌లో చూసి ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గులేదు. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులున్నాయని ఆ లెక్కల్లోనే మొదటిసారి తెలిసింది. ఆ పని ఎంత బాగా జరిగింది, ఎక్కడ కాంట్రాక్టర్ల పాలైంది అని మన మధ్య భేదాభిప్రాయాలుండొచ్చు. చెరువును మళ్లీ ఊరి మాటల్లోకి తెచ్చిన మేలు మాత్రం కాదనలేం.

టీ టైములో ఒక మిత్రుడు అడిగాడు, గోదావరి నీళ్లు ఎత్తిపోసి తెస్తుంటే ఇంకా ఈ చెరువుల పాట ఎందుకని. ఎత్తిపోతలు కాలువలకు, చెరువులకు నీళ్లిచ్చిన చోట బోర్లు బతికాయి, నిజమే. కానీ కాళేశ్వరంలో నీటిని ఐదు వందల మీటర్లకు పైగా ఎత్తాలి. జుబైల్ నుంచి రియాద్‌కు తెచ్చినట్టే. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పియర్లు కుంగాయి. తప్పు ఎవరిదన్న చర్చకు ఇది చోటు కాదు. దూరం నుంచి తెచ్చే నీళ్లు ఎప్పుడైనా ఆగొచ్చు, ఊర్లో పడ్డ వాన ఊర్లోనే ఉంటే అది మనది. తెచ్చిన నీళ్లను కూడా దాచేది చివరికి ఆ చెరువే కదా.

ఇంకొకటి. అరబ్బీలో వాదీ అన్నా, మనం వాగు అన్నా నీళ్లు నడిచే దారి. 2009 నవంబర్ 25న జెద్దాలో కొన్ని గంటల వానకు వందమందికి పైగా చనిపోయారు. వాదీల్లో ఇళ్లు కట్టడం దానికి ఒక పెద్ద కారణం. 1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌లో వేలమందిని మింగింది. ఆ తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 2020 అక్టోబర్‌లో మళ్లీ నగరంలో కాలనీలకు కాలనీలు మునిగాయి. వాటిలో చాలా చోట్ల చెరువుల గొలుసు తెగిపోయి ఉంది. ఎండిన వాగు ఖాళీ జాగా కాదు. అది నీళ్ల ఇల్లు, ఇంటాయన ఊరికి పోయాడంతే. తిరిగొస్తాడు.

మనం పంపే రియాళ్లు

ఇప్పుడు అసలు విషయం. మనల్ని ఎవరో పాడు చేశారని చెప్పడానికి నేను నిలబడలేదు. మన ఊర్ల పర్యావరణం మీద మనం పంపే డబ్బు ప్రభావం ఎంతో ఎవరూ మాట్లాడటం లేదు. మన డబ్బు బోరవుతుంది. వాగులోంచి తోడిన ఇసుకతో కట్టిన స్లాబవుతుంది. హైదరాబాద్ చుట్టూ చెరువు శిఖంలో వేసిన ప్లాటవుతుంది. 2024లో హైడ్రా వచ్చి చెరువుల్లోని కట్టడాలు కూల్చినప్పుడు మనలో కొందరి గుండెలు ఎందుకు దడదడలాడాయి? అందుకే మీకు నాలుగు విన్నపాలు.

ఒకటి, ఇంటి నుంచి బోరుకు డబ్బు అడిగితే మూడు ప్రశ్నలు వేయండి. ఇప్పటికి ఎన్ని బోర్లు వేశాం? పక్క చెలక బోరు ఎంత దూరంలో, ఎంత లోతులో ఉంది? దీని కింద ఏ పంట వేస్తాం? నేను ఆ ప్రశ్నలు వేయలేదు. అన్నదమ్ములు ఇద్దరు ముగ్గురు కలిసి ఉన్న ఒక్క బోరును పంచుకుని ఆరుతడి పంట వేసుకునేటట్టయితే, ఆ డబ్బు డ్రిప్పుకు పంపండి.

రెండు, శిఖంలో, వాగు పక్కన, చెరువు నిండు మట్టం లోపల ప్లాటు కొనొద్దు. ఎంత చవకైనా, ఎవరు రిజిస్ట్రేషన్ చేయిస్తామన్నా.

మూడు, ఊరికి ఏదైనా చేద్దామని చందాలు వేసుకుంటాం. కమాన్ కట్టిస్తాం, దాని మీద మన పేర్లు రాయిస్తాం. ఈసారి చెరువులోకి నీళ్లొచ్చే కాల్వ మూసుకుపోయిందేమో అడగండి. దాన్ని తీయించండి. దాని మీద పేరు రాయడానికి చోటుండదు, అయినా తీయించండి.

నాలుగు, ప్రతి ఊరి బడిలో ఒక వాన కొలిచే గొట్టం, పంచాయతీ గోడ మీద ఒక నల్లబోర్డు. నెలకోసారి వాన ఎంత పడింది, నాలుగు బోర్లలో నీటి మట్టం ఎంత అని పిల్లల చేత రాయిద్దాం. ఖర్చు ఒక నెల మన టీ డబ్బులంత. ఆ లెక్కలు పంపితే పట్టిక తయారు చేసి పెట్టే పని నాది.

ఇక్కడ ఉన్నప్పుడు కూడా మరిచిపోవద్దు. క్యాంపులో కారుతున్న నల్లా కనిపిస్తే కట్టేయండి. అది సముద్రం నుంచి నాలుగు వందల కిలోమీటర్లు నడిచొచ్చిన నీరు. ఈ దేశం కూడా నేర్చుకుంటోంది. 2024 జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినోత్సవానికి ఆతిథ్యం ఇచ్చింది, అదే ఏడాది డిసెంబర్‌లో ఎడారీకరణ మీద ఐక్యరాజ్యసమితి సదస్సు కూడా ఈ రియాద్‌లోనే జరిగింది. చమురున్న దేశం తప్పు చేసి దిద్దుకోవడానికి డబ్బుంది. మన మూడెకరాల రైతుకు ఒకసారి తప్పు చేసేంత డబ్బు కూడా లేదు.

చివరగా మా తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాను. పచ్చగడ్డి సాగు ఆగినప్పుడు ఆ మజ్రాలో పైపులు నిలిచిపోయాయి, పనివాళ్లను పంపేశారు. తమ్ముడు 2019లో ఇంటికి పోయాడు. నీళ్లు పోయాయని ఊరు విడిచాడు, మళ్లీ నీళ్లు పోతున్నాయని ఎడారి విడిచాడు. ఇప్పుడు ఊర్లో ట్రాక్టర్ నడుపుతూ, ఉన్న చెలకలో మక్క, కంది వేస్తున్నాడు. పోయిన సెలవుల్లో వెళ్లినప్పుడు చిన్నాయనకు నేను బోరు మాట ఎత్తి తప్పు ఒప్పుకున్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "నీకేం తెలుసు బిడ్డా, నాకూ తెల్వదు" అన్నాడు.

నాకిప్పుడు తెలుసు. ఈ మాట విన్నాక మీకూ తెలుసు. ఇకముందు తెల్వదు అనే సాకు మనకు లేదు.